ఓటు వేసిన మరునాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇట్టి పండుగనాడు భారతమును గూర్చియో, భాగవతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు నన్ను కోరిరి. వారి మాటను పూర్తిగా కాదనను. భారతము వద్దకు తప్పక వత్తును. కాని ముందుగా, ఈ గ్రంథాలయపు అరుగుమీద ప్రతి ఉదయమును వినవచ్చు ఒక మాటను మీ యెదుట ఉంచెదను. పత్రిక చదువుట ముగించి, దానిని మడిచి బల్లమీద పెట్టుచు మనవారు అందురు: "ఎవరు వచ్చిన మనకేమి? పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి?" నేడు నేను ముచ్చటింపదలచినది ఆ మాటను గూర్చియే. పార్టీల పేరులు చెప్పను. ఇచ్చట కూర్చున్నవారిలో అన్ని పార్టీలవారును కలరు. ఈ వేదిక అందరిది.

ఆ నిట్టూర్పులో న్యాయము కలదని మొదటనే ఒప్పుకొనెదను. మనవారు ఓటు వేయుటకు బద్ధకించువారు కారు. 2024 ఎన్నికలలో దేశమంతటను నూటికి సుమారు 66 మంది ఓటు వేయగా, మన ఆంధ్రప్రదేశమున నూటికి 80 మందికి పైగా వేసిరి. మే నెల ఎండలో, పొరుగు పట్టణములలో కూలికిపోయినవారు సైతము బస్సులలో నిలువుకాళ్లమీద వచ్చి వరుసలో నిలిచిరి. ఇంత శ్రద్ధతో వేసిన ఓటునకు మరునాటినుండి దిక్కెవరు? అదియే మనవారి బాధ.

ఒక గుర్తును చూచి ఓటు వేయుదుము. గెలిచినవారు మఱొక గుర్తు నీడకు పోవుదురు. దీనిని అరికట్టుటకే 1985లో 52వ సవరణచేత రాజ్యాంగమునకు పదవ షెడ్యూలును చేర్చిరి. మూడవ వంతు సభ్యులు చీలిపోయినచో తప్పులేదను సందును 2003లో 91వ సవరణచేత మూసిరి. మూడింట రెండు వంతుల సభ్యుల విలీనమను తలుపును మాత్రము తెరచియే యుంచిరి. సభ్యుని అనర్హతను తేల్చవలసినవాడు సభాపతి. ఎన్నాళ్లలో తేల్చవలెనో ఆ షెడ్యూలు చెప్పలేదు. 2014-19 నడుమ మన శాసనసభలో 23 మంది ప్రతిపక్ష సభ్యులు అధికారపక్షమున చేరిరి. వారిలో నలుగురు మంత్రులు కూడ అయిరి. వారిపై వచ్చిన ఫిర్యాదులు తేలకముందే సభాకాలము ముగిసెను. పొరుగున తెలంగాణ శాసనసభలో 2019లో 12 మంది ప్రతిపక్ష సభ్యులు విలీనమను తలుపుగుండ దాటిపోయిరి. ఏరు దాటి తెప్ప తగులబెట్టుటయను సామెత మనదే కదా! ఇచ్చట తగులబడిన తెప్ప ఓటరు.

ఇక ఊరి సంగతి. మన రాష్ట్రమున గ్రామపంచాయతీ ఎన్నికలలో పార్టీ గుర్తులుండవు. చట్టము వానిని పార్టీలకు అతీతముగా జరుపుమన్నది. కాని నామపత్రము వేసిన దినముననే ఈతడు ఎవరి మనిషి, ఆతడు ఎవరి మనిషి యని ఊరంతయు ఎఱుగును. ఆ పిమ్మట కుళాయి గొట్టము ఒక వీధి మొగవరకు వచ్చి ఆగిపోయినచో, దానికి కారణము నేల యెత్తుపల్లములలో లేదు, ఓట్ల పెట్టెలో నున్నదని పసివారు కూడ చెప్పగలరు.

ఇంతటితో తీరలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చినది. పంచాయతీ గడువు ఐదేండ్లనియు, అది ముగియకముందే ఎన్నికలు జరుగవలెననియు అందు స్పష్టముగా నున్నది. 2013లో మనము ఎన్నుకొన్న పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసెను. మరల ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. నడుమ రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ కాలముననే ప్రభుత్వము ఒక పార్టీనుండి వేరొక పార్టీకి మారెను. ఆలస్యమున ఇరువురకును పాలు కలదు. పంచాయతీ ఉండగా దానిని దాటిపోవుటలోను ఇరువురును ఇరువురే. ఒకరి కాలమున పింఛను ఎవరికని చెప్పుటకు జన్మభూమి కమిటీలు వచ్చినవి. వేరొకరి కాలమున, 2019లో, ఇంటింటికి వాలంటీర్లు వచ్చిరి. మనము ఓటు వేసి నిలిపిన వార్డు సభ్యుడు రెండు కాలములందును అరుగుమీద కూర్చుండి చూచుచుండెను.

కనుక ఓటరు విసుగుటలో వింత లేదు. 2013లో సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి, పై అభ్యర్థులలో ఎవరును వద్దని చెప్పుటకు నోటా యను మీట కూడ వచ్చినది. అయినను నోటాకు ఎన్ని ఓట్లు పడినను, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచును. అది నిట్టూర్పును లెక్కించుటకు పనికివచ్చును గాని దానిని తీర్పజాలదు.

ఇంతవరకు ఎదుటివారి పద్దు చెప్పితిని. సహకార సంఘపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఒక వైపే వ్రాసి పుస్తకము మూయుట మా వృత్తికి చెల్లదు. మన వైపు పద్దును కూడ చూతము.

ఓటునకు సొమ్ము పుచ్చుకొనుట మన ఊరిలో లేదని చెప్పి ఈ రజతోత్సవమునాడు అబద్ధమాడజాలను. ఒక ఓటునకు రెండు వేల రూపాయలు చేతిలో పడినవనుకొందము. ఐదేండ్లకు 1826 దినములు. భాగించిన దినమునకు ఒక రూపాయి పది పైసలు కూడ నిండదు. కూడలిలో టీ నీళ్లు సైతము రావు. ఆ ధరకు మనము అమ్ముకొన్నది బడి, బాట, నీళ్లు, వీధిదీపము మాత్రమే కాదు. వానిని గూర్చి అడుగుటకు గల నోటిని కూడ. సొమ్ము ఇచ్చినవాడు, "నీ బాకీ ఆనాడే తీర్చితిని" అనుకొనును. పుచ్చుకొనినవాడు అడుగుటకు వెనుదీయును. పుచ్చుకొననివాడు, "నలుగురిలో నాకేల?" యని ఊరకుండును.

ఆ ఊరకున్నవారిలో నేనొకడను. కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలము, ఈ అరుగుమీదనే నేను పుస్తకము చదువుచుండగా, గ్రామసభ హాజరు పుస్తకమును చేతబట్టుకొని ఒకరు వచ్చిరి. "సభ అయిపోయినదండీ, సంతకమొకటి తక్కువైనది" అనిరి. నేను సభకు పోలేదు. సభ నిజముగా జరిగినదో లేదో నాకు తెలియదు. పుస్తకములో వ్రేలు అడ్డముపెట్టి, రెండవ చేతితో సంతకము చేసితిని. ఆ తీర్మానములో పంచాయతీ వార్షిక జమాఖర్చులు సభవారు చదివి ఆమోదించినట్లు వ్రాసియున్నది. ఒరులు వ్రాసిన చిట్టాలో అర్ధరూపాయి తేడా వచ్చిన రాత్రియంతయు నిద్రపోనివాడను, నా ఊరి పద్దును చదువకయే ఆమోదించితిని. ఆనాడు నేను చదువుచున్న పుస్తకము సభాపర్వము. ద్రౌపది కొలువులో ప్రశ్న వేయగా మహామహులు తలలు వంచుకొని కూర్చుండిన ఘట్టమది. వారిని నిందించుచు చదువుచున్న నేను, వారి వరుసలోనే కూర్చుంటినని ఆ రాత్రి దీపమార్పిన పిమ్మట గాని తోచలేదు.

ఆ సభాపర్వమునందే మఱియొక ఘట్టము కలదు. మయసభలో కొలువుదీరిన ధర్మరాజు వద్దకు నారదుడు వచ్చి కుశలమడుగును. ఆ కుశలప్రశ్నలు ఎట్టివి? రాజ్యమున చెరువులు నిండియున్నవా? సేద్యము వానమీదనే ఆధారపడి లేదు కదా? లెక్కలు వ్రాయువారు ప్రతి దినమును పూర్వాహ్ణముననే ఆదాయవ్యయములను నీకు తెలుపుచున్నారా? ఇట్లు సాగును ఆ ప్రశ్నలు. ధర్మరాజు అంతటివానిని కూడ అడుగువాడొకడు ఉండవలెనని వ్యాసుని యభిప్రాయము. రాజులు పోయిరి. ఇప్పుడు ఆ నారదుని స్థానము ఓటరుది.

అడుగుటకు మనకు చోటు లేదా? కలదు. మన రాష్ట్రపు 1994 పంచాయతీరాజ్ చట్టము గ్రామసభను ఏటికి కనీసము రెండు పర్యాయములు జరుపుమన్నది. జమాఖర్చులు, ఆడిటు నివేదిక, రాబోవు ఏటి పనులు, పన్నుల ప్రతిపాదనలు అందు పెట్టవలెను. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును దాని సభ్యులే. శాసనసభ్యునకు శాసనసభ యెట్లో మనకు గ్రామసభ అట్లు. ఆయన గోడ దూకినాడని మనము కోపింతుము. మనము మన సభకు పోనేపోము!

2024 ఆగస్టు 23న రాష్ట్రమునందలి 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిపిరి. ఆ దినమున మన ఊరి సభకు నేనును పోయితిని. పెద్దల ప్రసంగములు ముగిసినవి. అంతట పొదుపు సంఘమునకు చెందిన ఒక సోదరి లేచి, "మా వీధికి రెండు దీపాలు వేసినట్టు లెక్కలో ఉందట. రెండోది ఏ స్తంభానికి ఉందో చూపించండి" అని అడిగెను. ఆమె పెద్ద చదువులు చదివినది కాదు. వేదికమీద కొంతసేపు సద్దు లేదు. పిమ్మట చూచి చెప్పెదమనిరి. నెల తిరుగకముందే రెండవ దీపము వెలిగెను. ఆ వీధిలో రెండు పార్టీలవారును కలరు. వెలుతురు ఇరువురి వాకిళ్లలోను పడుచున్నది.

దీపమొకటి వెలిగినంతనే శాసనసభలో గోడ దూకువారు ఆగుదురా యని మీరడుగవచ్చును. ఆగరు. కాని తన వీధి పద్దును అడుగుట మరగిన ఓటరు, తన శాసనసభ్యుడు ఊరికి వచ్చినపుడు దండ వేసి ఊరకుండడు. "ఆ గుర్తుకు మేము వేసిన ఓటును ఎవరినడిగి మార్చితివి?" అని కూడ అడుగును. అడుగుట క్రిందనే నేర్వవలెను. ఇంటిముంగిటి లెక్క అడుగనివాడు ఢిల్లీ లెక్క అడిగిన ఎవ్వరును లక్ష్యపెట్టరు.

ఇందులో గ్రంథాలయమునకు పనియేమి? 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభను జరిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారును, వారితో కలిసి నడచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా తలపలేదు. చదువురానివారికి సైతము దేశపు సంగతి తెలియుచోటుగా తలచిరి. మన గ్రంథాలయములో ఒక పక్షపు పత్రిక తెప్పింపవలదని వీరును, రెండవ పక్షపు పత్రిక తెప్పింపవలదని వారును కొన్నాళ్లు తగవులాడిరి. చందాలు ఆపెదమనిరి. కార్యవర్గము రెండింటిని ఒకే బల్లమీద ఉంచెను. ఆ బల్లమీద మూడవది ఒకటి ఉంచవలెనని నా ప్రార్థన. అది మన పంచాయతీ జమాఖర్చుల ప్రతి.

దానిని సంపాదించుట కష్టము కాదు. 2005 సమాచారహక్కు చట్టము క్రింద మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయమునకు పెట్టు అర్జీకి రుసుము లేదు. 2020 నుండి ఈ-గ్రామస్వరాజ్ అను వెబ్‌సైటులో పంచాయతీల పనులు, ఖర్చులు చూడవచ్చును. మన పిల్లల చేతులలోని ఫోనులు అందుకు చాలును. ప్రతి గ్రామసభకు ముందు ఒక సాయంకాలము ఆ పద్దును ఇచ్చట బిగ్గరగా చదువుదము. చదివి అర్థము చెప్పు పని నాది. మొదటి ప్రశ్న మన గ్రంథాలయమును గూర్చియే కావచ్చును. మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. దానిని పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్పవలెను. చేరినదా? ఇరువదియైదేండ్లలో మనము ఒక్కమారైనను అడుగలేదు.

నా పాతసంతకమును ఇప్పుడు తుడుపజాలను. ఇకమీదట చదువక సంతకము చేయనని మాత్రము ఈ సభయెదుట మాట యిచ్చుచున్నాను. మీలో ప్రతివారును అదే మాట మీకు మీరు ఇచ్చుకొన్నచో, ఈ రజతోత్సవమునకు అంతకు మించిన కానుక లేదు.