కంపెనీ మనదైతే కాగితమూ మన చేతిలోనే ఉండాలి

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లతో మన సంఘం జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్నప్పుడల్లా సాగర్ ఎడమ కాల్వ నీళ్ల గురించి, వడ్ల తేమ గురించి, మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ కాగితాల గురించి మాట్లాడుకుందాం. ఇది చదువుకున్నోళ్ల పని, మనకెందుకు అనుకోవద్దు. ఇక్కడున్న చాలామంది ఒక్కో కంపెనీకి డైరెక్టర్లు. నోటీసు వస్తే మీ పేరు మీదనే వస్తుంది.

రైతుల కంపెనీలకు చట్టంలో చోటు వచ్చింది 2003లో. 2020 ఫిబ్రవరి 29న కేంద్రం పది వేల ఎఫ్‌పీఓల పథకం మొదలుపెట్టింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు ఉండాలన్నారు. మూడేళ్లలో నిర్వహణ ఖర్చుకు 18 లక్షల వరకు ఇస్తామన్నారు. సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా 2,000 రూపాయల వరకు, కంపెనీకి మొత్తం 15 లక్షలు మించకుండా కలుపుతామన్నారు. మంచిదే. కానీ ఆ మూడేళ్లు అయిపోతే సీఈఓ జీతం ఆగుతుంది, అకౌంటెంట్ వెళ్లిపోతాడు. కంపెనీ మాత్రం ఉంటుంది, దాని మీద చట్టమూ ఉంటుంది.

మా అనుభవం చెబుతాం. మాది 320 మంది సభ్యుల కంపెనీ. మనిషికి వెయ్యి చొప్పున 3 లక్షల 20 వేలు వాటా ధనం. వానాకాలానికి ముందు ఎరువుల నిల్వకు అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినం. అక్కడి సారు కంప్యూటర్‌లో చూసి, "మీ కంపెనీ రెండేళ్ల లెక్కలు దాఖలు కాలేదు, ముందు అది చూసుకోండి" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. కాగితాలు చూసే మనిషికి ఫోన్ చేస్తే ఈరోజు, రేపు అని పది రోజులు తిప్పిండు. తీరా చూస్తే మా డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఆయన బ్యాగులో ఉంది. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. ప్రభుత్వం నుంచి వచ్చే హెచ్చరికలన్నీ ఆయన మెయిల్‌కే పోతున్నాయి. ఆలస్య రుసుమే లక్షా 50 వేలు దాటింది. సభ్యులు కట్టిన వాటాలో దాదాపు సగం! తప్పు ఆ ఒక్కడిదే అనలేం. రిజిస్ట్రేషన్ రోజు దండలు వేసుకుని ఫొటో దిగినం గానీ, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందని మేం ఒక్కరోజూ అడగలేదు.

ఈ రుసుము లెక్క అందరికీ తెలియాలి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. 2018 జూలై నుంచి ఇదే లెక్క, దీనికి పైమితి లేదు. ఏటా ముఖ్యమైన ఫారాలు రెండు. అంటే రోజుకు 200, ఏడాదికి 73,000. మొదటి గడువు తప్పి మూడేళ్లు పట్టించుకోకపోతే మొదటి ఏడాది ఫారాల మీద 2,19,000, రెండో ఏడాది వాటి మీద 1,46,000, మూడో ఏడాది వాటి మీద 73,000. మొత్తం 4,38,000 రూపాయలు. మా కంపెనీ వాటా ధనం కంటే ఇదే ఎక్కువ. వ్యాపారం చేసినా చేయకున్నా, లాభమొచ్చినా నష్టమొచ్చినా ఇది తప్పదు. "ఈ ఏడు ఏమీ కొనలేదు, అమ్మలేదు, ఇంక లెక్కలేంది" అనుకోవడమే మన కొంప ముంచుతున్నది.

డబ్బుతోనే పోదు. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ వార్షిక రిటర్ను గానీ వేయకపోతే, కంపెనీల చట్టం 164వ సెక్షన్ కింద డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. 248వ సెక్షన్ కింద కంపెనీ పేరే కొట్టేయవచ్చు. 2017లో దేశమంతటా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేశారు, మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులను చేశారు. పేరు కొట్టేస్తే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. మళ్లీ బతికించుకోవాలంటే హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవాలి. వకీలు ఫీజు, రానుపోను తిప్పలు మీకు తెలియనివి కావు.

మరి ఏం చేయాలి? ఏడాది పని ఇంతే. మార్చి 31తో లెక్క ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బిల్లులు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆడిటర్‌కు అప్పజెప్పాలి. సెప్టెంబర్ 30 లోపు మహాసభ పెట్టాలి. దానికి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ్యుల్లో నాలుగో వంతు హాజరు కావాలి, అంటే 320 మందిలో 80 మంది. ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించడం మహాసభ కాదు. సభ జరిగిన 30 రోజుల్లో లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7 వేయాలి. డైరెక్టర్ల కేవైసీ గడువు తప్పితే మనిషికి 5,000 పడుతుంది, ఆ తేదీ ఆడిటర్‌ను అడిగి రాసుకోండి. కొత్త కంపెనీ అయితే 180 రోజుల్లో వ్యాపారం మొదలైందని ఐఎన్‌సీ-20ఏ వేయాలి. అది మరిస్తే కంపెనీకి 50,000 జరిమానా ఉంది. పన్ను పడకపోయినా ఆదాయపు పన్ను రిటర్ను వేరుగా వేయాల్సిందే. 1995 పరస్పర సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన వాళ్లకు ఈ ఫారాలు వర్తించవు గానీ, ఆడిట్, మహాసభ, సహకార శాఖకు రిటర్ను వాళ్లకూ తప్పవు.

నోటీసు వస్తే భయపడి బీరువాలో దాచొద్దు. 446బి సెక్షన్ ప్రకారం రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి జరిమానా మామూలు కంపెనీకి వేసే దాంట్లో సగం మించకూడదు. ఇది ఆలస్య రుసుముకు వర్తించదు, జరిమానాకే. జవాబులో ఆ సెక్షన్ పేరు రాయించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ సభ్యులకు కేసుల్లో ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ దగ్గరికి పోవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. వాళ్లు మన ఫారాలు నింపరు. కానీ మీ పేరు మీద కేసు వస్తే వకీలును అడిగే హక్కు మీది.

ఇక్కడి నుంచి పోయేముందు మనం మూడు పనులు ఒప్పుకుందాం. ఒకటి: కంపెనీ మెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్, సంతకం పెన్‌డ్రైవ్ ఈ నెలలోనే మన చేతికి తెచ్చుకోవాలి. ఫారం వేసేటప్పుడు డైరెక్టర్ పక్కన కూర్చోవాలి, చలానా నకలు తెచ్చి ఫైల్లో పెట్టాలి. రెండు: ఒక్కో కంపెనీ విడిగా కంపెనీ సెక్రటరీని పెట్టుకోలేదు. మూడు పట్టణాల కంపెనీలు కలిసి ఒక ఆడిటర్‌ను, ఒక కంపెనీ సెక్రటరీని మాట్లాడుకుందాం. రేటు రాతపూర్వకంగా రాయించుకుందాం. మూడు: 2018లో, 2020లో ఆలస్యమైన కంపెనీలకు కేంద్రం సడలింపు పథకాలు తెచ్చింది. అలాంటిది రైతు కంపెనీలకు ప్రత్యేకంగా కావాలని, ఆలస్య రుసుముకు పైమితి పెట్టాలని, పథకం మూడేళ్లు ముగిశాక కూడా జిల్లాకొక సహాయ కేంద్రం నడపాలని కలెక్టర్‌కు, ఎంపీలకు వినతిపత్రాలు ఇద్దాం. రైతుల చేత కంపెనీ పెట్టించిన ప్రభుత్వం, ఫారం నింపడం నేర్పకుండా రోజుకు వంద గుంజడం న్యాయం కాదు.

దొరల గడీల్లో అప్పు పత్రాలు తగలబెట్టిన గడ్డ ఇది. ఆ కాగితాలు మన మెడకు ఉరితాళ్లు గనుక మన పెద్దలు తగలబెట్టారు. ఇప్పటి కాగితం మన సొంతం. ఎన్ని వాటాలున్నా రైతుకు ఒక్కటే ఓటు అన్న కంపెనీ మనది. దాన్ని చెదలకు వదిలేస్తే పోయేది 320 ఇళ్ల నుంచి వెయ్యి వెయ్యిగా వచ్చిన సొమ్ము. ఇంటికి పోగానే ముందు ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో అడగండి. సెలవు.