సీటు లెక్కలో భాష లేదు



“తెలుగు మాధ్యమంలో చదివితే ఇంజనీరింగు సీటు వస్తుందా?” అని ఏటా నన్నడుగుతారు.

తమిళనాడులో 1984 నుండి ప్లస్ టూ మార్కులకు ప్రవేశ పరీక్ష మార్కులను కలిపేవారు. 2007లో ఆ పరీక్ష రద్దయింది. నాటి నుండి గణితానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 50, వెరసి 200 మార్కులే ప్రమాణం. కటాఫ్ ఎవరూ ముందుగా గీచిన గీత కాదు. సీట్లు, దరఖాస్తులు, విద్యార్థుల మార్కులను బట్టి ఏటా మారుతుంది. ఆ 200లో బోధనా మాధ్యమానికి మార్కు లేదు, కోతా లేదు.

అయితే కళాశాలలో పాఠాలు ఆంగ్లంలో సాగుతాయి. కనుక శాస్త్ర పదాలను రెండు భాషలలోనూ నేర్పే బాధ్యత మాది. డెబ్బది అయిదేండ్ల ఈ బడి నుండి బిడ్డను మాన్పించే ముందు, ఒక్కనాడు మా గణిత తరగతిలో కూర్చుని చూడుడని నా మనవి.