టాబ్లెట్ కంప్యూటరు: సేద్యములో దాని ఉపయోగమెంత?

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పలకంత ఉండి, వ్రేలితో తాకగానే పనిచేసే టాబ్లెట్ కంప్యూటరు కొనవచ్చునా అని మీలో చాలమంది అడుగుచున్నారు. చేతిలో మంచి స్మార్టుఫోను ఉన్నవారికి ఇది క్రొత్తగా చేసిపెట్టు పని తక్కువ. వాతావరణము తెలుపు మేఘదూత్ వంటి యాప్‌లు ఫోనులోను ఉన్నవి. దీని లాభమంతయు తెర వెడల్పులోనే కలదు.

అది చిన్న లాభమని నేననను. చత్వారము వచ్చిన పెద్దలు ఫోనులో చదువలేని సంచికను దీనిలో పెద్ద అక్షరములతో చదువుకొనవచ్చును. సిగ్నలు ఉన్నచోట ఒకసారి డౌన్‌లోడు చేసికొన్నచో, తరువాత ఇంటర్నెట్ లేకున్నను తెరచుకొనును. కూలి, ఎరువుల లెక్కలు వ్రాసికొనుటకు, నలుగురు కూర్చుండి వీడియో చూచుటకు అనువైనది. ఇవన్నియు అరుగుమీది పనులు.

పొలములో సంగతి వేరు. మధ్యాహ్నపు ఎండలో తెర సరిగా కనబడదు. తడి చేతితోను, మందు చల్లునప్పటి రబ్బరు తొడుగులతోను తాకినచో సరిగా పలుకదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి లోపుననే వాడవలెనని దాని తయారీదారులే చెప్పుచున్నారు. మన పల్నాటిలో మే నెల ఎండ 40 దాటుట మీకు తెలిసినదే! వేడెక్కిన యంత్రము తెరను మసకపరచును, చార్జింగు ఆపివేయును.

భూమి కొలుచు యాప్‌ను గురించి ఒక మాట. ఉపగ్రహ సంకేతములతో కొలుచు ఈ సాధనములలో ఆకాశము తెరపిగా ఉన్నచోట కూడ సుమారు 5 మీటర్ల తేడా రావచ్చును. చదరముగా ఉన్న ఎకరము చేను ఒక్కొక్క ప్రక్క దాదాపు 64 మీటర్లుండును. ఒక గట్టు 5 మీటర్లు జరిగినచో 8 సెంట్లు తేలిపోవును. విత్తనము అంచనాకు ఫరవాలేదు గాని, గట్టు తగవులో దీనిని సాక్ష్యముగా పెట్టకుడు. సర్వేయరునే పిలువుడు.

ఆకు ఫొటో చూచి తెగులు పేరు చెప్పు యాప్‌లతో ఇంకను జాగ్రత్త అవసరము. 2021లో గుంటూరు ప్రాంతపు మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు ఎక్కువగా పూలలో చేరును. ఆకు ఫొటోలో అది ఎట్లు దొరకును? పూవును తెల్ల కాగితముపై దులిపి చూడవలెను. యాప్ చెప్పిన పేరును బట్టి మందు కొన్నచో, పురుగు నిలుచును, సొమ్ము పోవును. అనుమానమున్నచో పూలతో సహా కొమ్మను కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపొండు.

చదువుకొను పిల్లలున్న యింట టాబ్లెట్ ఖర్చు గిట్టుబాటు కావచ్చును. కొనువారు సిమ్ కార్డు పట్టునో లేదో ముందే అడుగవలెను; వైఫై మాత్రమే గలది ప్రతిసారి ఫోను హాట్‌స్పాట్‌పై ఆధారపడును. వైఫై రకపు ఐప్యాడ్‌లో జీపీయస్ కూడ ఉండదు. కేవలము సేద్యమునకే అయినచో ఈ ఏడాది ఫోనుతో సరిపెట్టుకొని, పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దమొకటి కొని జేబులో ఉంచుకొనుడు.