లెక్కకు అందని కారణములు

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థికి అంకెలతో పరిచయము మొదటి సంవత్సరముననే కలుగును. ఎంత సరకు అమ్ముడుపోయినది, ఎంత మిగిలినది, క్రిందటి యేటికంటె లాభము హెచ్చినదా, తగ్గినదా అను ప్రశ్నలకు చిట్టా, ఆవర్జాలు సమాధానము చెప్పును. కాని అమ్మకము ఎందుకు తగ్గినదని అడిగినచో ఆవర్జా మౌనము వహించును. ఆ మౌనము దగ్గర ఆరంభమగు పరిశోధనకు గుణాత్మక పరిశోధన యని పేరు. మనుష్యులతో తీరికగా మాటలాడుట, వారు పనిచేయు చోట కూర్చుండి చూచుట, చూచినదానిని విన్నదానిని ఉన్నదున్నట్లు వ్రాసికొనుట - దీని సాధనములు ముఖ్యముగా ఇవి. ఇంతేనా యని శ్రోతలకు తోచవచ్చును. ఇందలి కష్టము రెండు ఉదాహరణముల వలన తెలియును.

అమెరికాలో షికాగో నగరము చెంత హాథార్న్ అను చోట వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీవారి టెలిఫోను పరికరముల కర్మాగార ముండెడిది. 1928లో అక్కడి కార్మికులను ఒక్కొక్కరిని పిలిచి వారి అభిప్రాయములు తెలిసికొన నారంభించిరి. 1930 నాటికి 21,000 మందికి పైగా మాటలాడిరి. మొదట ప్రశ్నల పట్టిక యొకటి సిద్ధము చేసికొనిరి: మేస్త్రీ ఎట్టివాడు, పని యెట్లున్నది, పరిసరము లెట్లున్నవి? కార్మికుడు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుచు చెప్పుచునే తన మనస్సులోని వేరొక సంగతికి పోవుచుండెను. అడుగువాడు ఆతనిని మరల పట్టికకు లాగుకొని వచ్చుచుండెను. లోపము కార్మికునిలో లేదు, పట్టికలోనే యున్నదని కొంతకాలమునకు గ్రహించి, 1929లో పద్ధతి మార్చిరి. చెప్పదలచినది చెప్పనిచ్చి, వినుటయే పనిగా పెట్టుకొనిరి. అరగంటలో ముగియు సంభాషణము గంట, గంటన్నర సాగెను.

ఒక కార్మికుడు తన పనికి కట్టు కూలి రేటు మిక్కిలి తక్కువ యని ఫిర్యాదు చేసెను. ఆతనిని మాటలాడనిచ్చినంతట, భార్య ఆసుపత్రిలో నున్నదనియు, వైద్యుల బిల్లులను తలచుకొని కలతపడుచున్నాడనియు బయటపడినది. ప్రశ్నపత్రములోనైనచో ఇది ‘కూలి చాలదు’ అను గడిలో ఒక గీతగా మిగిలిపోయెడిది. కూలి చాలదనుట అబద్ధము కాదు. ఆ నెలలో ఆతనికి అది ఏల చాలలేదో గీత చెప్పజాలదు.

ఇట్టి మాట మేస్త్రీ చెవిని పడునన్న అనుమానమున్నచో ఎవడును నోరు విప్పడు. అందుచేతనే చెప్పినవారి పేరు బయటికి పోనీయమని అక్కడ ముందుగానే మాట యిచ్చిరి. విద్యార్థులు కొందరు దీనిని కేవలము మర్యాదగా తలచుచుందురు. నా దృష్టిలో ఈ పరిశోధనకంతకు పునాది ఇదియే. మాట తప్పిన పరిశోధకునికి మహా అయిన ఒక వ్యాసము చెడును. చెప్పినవానికి ఉద్యోగమే పోవచ్చును.

అదే కర్మాగారములో 1931 నవంబరు మొదలు 1932 మే వరకు 14 మంది పనివారిని ఒక ప్రత్యేకమైన గదిలో నుంచి, వారి పనిని గమనించుటకు ఒక పరిశీలకుని కూర్చుండబెట్టిరి. అందరును కలిసి ఎక్కువ పని చేసిన అందరికిని ఎక్కువ కూలి ముట్టు ఏర్పాటు ఉన్నను, రోజుకు ఇంతకు మించి చేయరాదని వారు తమలో తాము కట్టుబాటు చేసికొనిరి. మించినవానికి భుజము క్రింద ఒక గుద్దు! హాజరుపట్టీలో గాని కూలి లెక్కలలో గాని ఈ గుద్దు కనబడునా?

ఇక రెండవ ఉదాహరణము వంటయింటికి సంబంధించినది. ఇన్‌స్టంట్ కాఫీని అమెరికాలో కొందరు ఏల కొనరో తెలిసికొనగోరినవారిలో మేసన్ హెయిర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞు డొకడు. నేరుగా అడిగినప్పుడు, రుచి బాగుండదని జవాబు వచ్చుచుండెను. ఆయన దానితో తృప్తి చెందక రెండు సరకుల పట్టీలు వ్రాసెను. మాంసము, రొట్టె, కేరట్లు, బంగాళాదుంపలు మున్నగునవన్నియు రెంటిలోను సమానమే. ఒకదానిలో నెస్‌కెఫే ఇన్‌స్టంట్ కాఫీ, రెండవదానిలో మాక్స్‌వెల్ హౌస్ కాఫీపొడి. ఒక్కొక్క పట్టీని 50 మందికి చూపి, ఈ సరకులు కొన్న ఇల్లాలు ఎట్టిదో వర్ణింపుమని కోరెను. వేరొక పట్టీ కలదని వారికి తెలియదు. 1950లో ఆయన ప్రకటించిన ఫలితము చూడుడు: ఇన్‌స్టంట్ కాఫీ కొన్న ఆమెను నూటికి 48 వంతున సోమరి యనిరి, కాఫీపొడి కొన్న ఆమెను అట్లన్నవారు నూటికి 4 వంతు మాత్రమే. డికాక్షను దిగువరకు ఫిల్టరును కనిపెట్టుకొని యుండు మన యిండ్లలో ఈ తీర్పు అంత వింతగా తోపదేమో! రుచి యను మాట వెనుక, నలుగురును ఏమనుకొందురో అను జంకు దాగియున్నది. తన్ను గూర్చి అడిగిన నెవరును చెప్పరు. పరులను గూర్చి అడిగిన తడవుకొనకుండ చెప్పుదురు.

వందమంది మాటలను బట్టి దేశమంతయు ఇట్లే తలచుననుట తగదు. కారణము దొరికిన పిమ్మట అది ఎందరిలో నున్నదో మరల లెక్కించి చూడవలసినదే. విద్యార్థులు అంగడికి పోయినపుడు, ‘ధర ఎక్కువని మానివేసితిరా?’ అని మాత్రము అడుగకుందురు గాక. జవాబును మనమే నోటి కందించినట్లగును. ‘క్రిందటిసారి కొనుటకు వచ్చిన నాడేమి జరిగినదో చెప్పుడు’ అని అడిగి ఊరకుండుట మేలు. విన్నది ఆ పూటనే, చెప్పినవారి మాటలలోనే వ్రాసికొనవలెను; తేదీ కూడ వేయవలెను. తేదీ ఏల యందురా? వెబ్‌స్టర్, వాన్ పెక్‌మన్ అను ఇరువురు హెయిర్ పరీక్షను మరల జరిపి 1970లో ఫలితములు ప్రకటించిరి. అప్పటికి ఆ యిద్దరు ఇల్లాండ్రను గూర్చి జనులు చెప్పిన మాటలలో వెనుకటి భేదము కనబడలేదు.