పదోన్నతి – యంత్రము
(పఠనమందిరమున చేసిన ప్రసంగము)



సైన్యాధికారుల పదోన్నతులను నిర్ణయించుటలో కంప్యూటరు సాయము గొనవచ్చునా యను ప్రశ్న నేడు విద్యావంతులు విచారింపదగినది. మన సైన్యమున లెఫ్టినెంటు కర్నలు పదవి ముఖ్యముగ సేవాకాలమునుబట్టి లభించును. కర్నలు మొదలుకొని పైపదవులకు ఎంపికమండలి తీర్పు కావలెను. ఆ తీర్పునకు ముఖ్యాధారము పై యధికారులు ఏటేట వ్రాయు రహస్య నివేదికలు.

లెక్కించుటలో యంత్రము మనకంటె నేర్పరియే. ఆ నివేదికలలో గుణములను 9 అంకెల కొలతతో కొలుతురు. ఒక యధికారి అందరికిని 9 వేయును. వేరొకడు 7 దాటడు. ఈ భేదమును యంత్రము క్షణములో పట్టి మండలికి చూపగలదు. ఇంతవరకు మాకు ఆక్షేపణ లేదు.

అయితే ఎవడు యోగ్యుడో కూడ అదియే చెప్పవలెనన్నచో, అది పాత నివేదికలు చదివి, నిన్న పైకి వచ్చినవారివంటివారినే రేపును చూపును. 1918కి పూర్వము సాండ్‌హర్స్టు సైనిక కళాశాల భారతీయులకు తలుపు తెరువలేదు. మన జవాను ఎంత శూరుడైనను సాధారణముగ సుబేదారు మేజరు పదవితో ఆగిపోవలసివచ్చెను. నాటి దఫ్తరములను ఇట్టి యంత్రమునకు అప్పగించియుండినచో, భారతీయుడు సేనను నడుపజాలడని నిస్సంకోచముగ చెప్పియుండును. 1919లో కమీషను పొందిన కరియప్పగారు 1949 జనవరి 15న సర్వసేనాధిపతియైరి! ఆ దఫ్తరములు తెలిపినది అవకాశలేమియే కాని యోగ్యతాలేమి కాదు.

ఇది గతించిన కథ యనరాదు. శాశ్వత కమీషను కోరిన స్త్రీ అధికారుల వ్యాజ్యమున 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ యవకాశమే లేని కాలమున వారి నివేదికలు అశ్రద్ధగ వ్రాయబడినవనియు, వానినే కొలతగ గొనుట పరోక్షవివక్ష యనియు తేల్చెను. కొలత అందరికి నొకటే. అన్యాయము అంకెల పుట్టుకలోనే యుండెను.

మరియొక మాట. 2007 చట్టముచే ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలు ఎదుట అధికారి తన మొర వినిపించుకొనవచ్చును. యంత్రము చెప్పినదని ప్రభుత్వము బదులిచ్చినచో విచారణ ఎట్లు సాగును? యంత్రమును బోనులో నిలిపి అడ్డుప్రశ్నలు వేయగలమా?

కావున యంత్రము లెక్కకట్టుగాక, లోపములు చూపుగాక. తీర్పు మాత్రము కారణములు వ్రాసి చేవ్రాలు చేయు మనుష్యునిదే కావలెను. కర్నలు చేతిలో వందలకొలది జవానుల ప్రాణములుండును. ఆ ప్రాణములకు బాధ్యుని నెన్నుకొనువాడు తానును బాధ్యుడై యుండవలదా?