అడ్రస్ లేని బైట్లు
(విజయవాడ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారిని తలచుకోవడానికి ఈ సాయంత్రం ఇక్కడ కలిశాం. ఎ.ఎస్.రావు గారు మన ఏలూరు కాలువ కలిపే రెండు డెల్టాల్లో అవతలి డెల్టా బిడ్డ. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ట్రాంబే శాస్త్రవేత్తల రూపకల్పనతో ఆ సంస్థ తయారుచేసిన 12 బిట్ల కంప్యూటర్ టీడీసీ-12 1969లో పనిలోకి వచ్చింది. ఆ తరం ఇంజనీర్లకు తాము రాసిన ఆజ్ఞకూ యంత్రానికి అందే ఒకట్లకూ సున్నాలకూ మధ్య పెద్ద దూరం లేదు. ఆ దూరం ఎలా పెరుగుతూ వచ్చిందన్నదే నేటి నా ప్రసంగ విషయం. అసెంబ్లీ భాషలో రాసిన ప్రోగ్రాం నుంచి ముడి బైనరీని తీసే పని చరిత్ర అది.

మన విజయవాడలో ఆ చరిత్ర ల్యాబ్ బల్ల మీద మొదలైంది. ఇంటెల్ 8085 వచ్చింది 1976లో. కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది 1977లో. మన ఊరి ఇంజనీరింగ్ చదువూ, ఆ చిప్పూ దాదాపు ఒకే ఈడువి. తర్వాత తరాల విద్యార్థులకు మైక్రోప్రాసెసర్ అంటే 8085 కిట్టే. దాని మీద ఆరు ఎర్ర అంకెల గడులుంటాయి. నాలుగు అడ్రస్‌కు, రెండు డేటాకు. పక్కన హెక్స్ మీటల పలక. తెర లేదు, ఫైలు లేదు, అసెంబ్లర్ లేదు. అసెంబ్లర్ చేయాల్సిన పనంతా విద్యార్థే ఆప్‌కోడ్ పట్టిక ముందు పెట్టుకుని చేసేవాడు.

రెండు సంఖ్యల్ని కూడి ఫలితాన్ని మూడో చోట పెట్టే చిన్న ప్రోగ్రాం తీసుకుందాం. సంఖ్యలు హెక్స్ 4200, 4201 లలో ఉన్నాయి. ‘ఎల్ఎక్స్ఐ హెచ్, 4200’ అని రాశాం. పట్టికలో దాని కోడ్ 21. ఆ వెనక అడ్రస్. 8085కు కింది బైటు ముందు ఇవ్వాలి కాబట్టి 42 00 కాదు, 00 42. మొదటిసారి కిట్ ముందు కూర్చున్న వాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘మూవ్ బి, ఎం’ 46. ‘ఐఎన్ఎక్స్ హెచ్’ 23. ‘మూవ్ ఎ, బి’ 78. ‘యాడ్ ఎం’ 86. మళ్లీ 23. ‘మూవ్ ఎం, ఎ’ 77. చివర ‘హెచ్ఎల్‌టి’ 76. మొత్తం 21 00 42 46 23 78 86 23 77 76. పది బైట్లు. ముడి బైనరీ అంటే ఇంతే. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎక్కడ పెట్టాలి అన్న ఒక్క ముక్క అందులో ఉండదు.

ఈ పది బైట్లలో జంప్ లేదు కాబట్టి వీటిని 4100 దగ్గర పెట్టినా, 4150 దగ్గర పెట్టినా నడుస్తాయి. ఒక్క ‘జేఎన్‌జెడ్’ జంప్ చేరితే పరిస్థితి మారుతుంది. దూకాల్సిన అడ్రస్ రెండు బైట్లుగా ప్రోగ్రాంలోనే పాతుకుపోతుంది. 4100 కోసం రాసిన దాన్ని, 8000 నుంచి ర్యామ్ ఉన్న మరో కిట్‌లో యథాతథంగా కొడితే ప్రోగ్రాం దారి తప్పుతుంది. కాలువ నీటికి ఏ మడికి పోవాలో తెలియదు, తూము దగ్గర నిలబడ్డ మనిషికి తెలియాలి. బైట్ల సంగతీ అంతే.

ఆ తెలివిడిని ఎక్కడ భద్రపరచాలి? ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. ఇంటెల్ హెక్స్ పద్ధతి దాన్ని ఫైలు లోపలే రాసింది. మన పది బైట్లు ఆ పద్ధతిలో 31 అక్షరాల వరుస అవుతాయి. ముందు కోలన్, తర్వాత బైట్ల లెక్క, అడ్రస్, రకం, డేటా, చివర తప్పు పట్టే చెక్‌సమ్. గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీఎం ఆపరేటింగ్ సిస్టంలో అసెంబ్లర్ ఇచ్చేది ఈ హెక్స్ ఫైలునే. ‘లోడ్’ అనే ప్రోగ్రాం ఆ హంగులన్నీ ఒలిచేసి కామ్ ఫైలు తయారుచేసేది. కామ్ ఫైలు అచ్చంగా ముడి బైనరీ. ప్రతి కామ్ ఫైలూ హెక్స్ 100 దగ్గరే మొదలవుతుందని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి అడ్రస్ రాయాల్సిన పని లేకపోయింది.

డాస్ ఆ ఒప్పందాన్నే కొనసాగించింది. పెద్ద ప్రోగ్రాంల కోసం ముందు శీర్షిక ఉండే ఈఎక్స్ఈ ఫైళ్లు వచ్చాయి. ఆ శీర్షికను తీసేయడానికి ‘ఈఎక్స్ఈ టు బిన్’ అనే పనిముట్టూ వచ్చింది. డాస్‌లోని డీబగ్ పనిముట్టులో అయితే నేరుగా కోడ్ రాసి, సీఎక్స్ రిజిస్టర్‌లో పొడవు చెప్పి, డబ్ల్యూ కొడితే ఆ బైట్లే డిస్కు మీదికి వెళ్లేవి. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం మన దేశపు బడులకు తెచ్చిన బీబీసీ మైక్రోలో బేసిక్‌తో పాటే అసెంబ్లర్ ఉండేది. ఆ యంత్రం బైట్లను ముడిగానే దాచి, లోడ్ అడ్రస్‌ను డిస్కు పట్టికలో విడిగా రాసుకునేది. నాకు అన్నిటికన్నా నచ్చిన పరిష్కారం అదే.

ముడి బైనరీకి అసలు గమ్యం ఈప్రాం. 2716 చిప్పులో 2,048 బైట్లు పడతాయి. 25 వోల్టులిచ్చి, బైటుకు 50 మిల్లీసెకన్ల చొప్పున రాస్తే చిప్పు నిండేసరికి నిమిషంన్నర దాటుతుంది. చెరపాలంటే క్వార్ట్జ్ కిటికీ గుండా అతినీలలోహిత కాంతి పడాలి. చెరిపిన చిప్పులో అన్నీ ఒకట్లే. రాయడమంటే వాటిలో కొన్నిటిని సున్నాలు చేయడం. ఆ చిప్పుకు శీర్షికా పట్టదు, వివరణా పట్టదు. ముడి బైట్లే కావాలి.

నేడు ఈ పని ఒక్క ఆజ్ఞతో అవుతుంది. నాస్మ్ అనే అసెంబ్లర్‌కు ‘బిన్’ అంటే చాలు. ఆబ్జ్‌కాపీ అనే పనిముట్టుకు ‘బైనరీ’ అంటే చాలు. కానీ కోడ్ హెక్స్ 4100 దగ్గర, డేటా హెక్స్ 8000 దగ్గర ఉందని చెప్పి ముడి బైనరీ అడిగి చూడండి. పది బైట్ల ప్రోగ్రాంకు పదహారు వేల బైట్లకు పైగా ఫైలు వస్తుంది. నడిమి ఖాళీని కూడా పనిముట్టు పూడ్చి ఇస్తుంది. చేత్తో ఆప్‌కోడ్ కొట్టిన విద్యార్థికి ఇది చూడగానే అర్థమవుతుంది. మిగతావారికి అది వింత. అందుకే సిలబస్ ఎంత మారినా, ప్రతి విద్యార్థీ ఒక్క ప్రోగ్రామైనా చేత్తో బైట్లుగా మార్చాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మరొక విన్నపం. మన కళాశాలల బీరువాల్లో పాత కిట్లు, వాటిలో ఈప్రాంలు ఉన్నాయి. దశాబ్దాలు గడిచేకొద్దీ వాటిలోని ఛార్జి జారిపోతుంది. క్వార్ట్జ్ కిటికీ మీది స్టిక్కర్ ఊడితే ఇంకా ప్రమాదం. వాటిని రీడర్‌లో పెట్టి చదివించండి, బైనరీ ఫైళ్లుగా దాచండి. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు కూడా పెట్టండి. ఏ కిట్టు, ఏ సాకెట్టు, మొదటి బైటు ఏ అడ్రస్‌లో కూర్చోవాలి, చెక్‌సమ్ ఎంత అన్నవి అందులో రాయండి. పాత ల్యాబ్ రికార్డుల్లో ఆ ప్రోగ్రాం లిస్టింగ్ దొరికితే దాన్నీ స్కాన్ చేసి జతచేయండి. ఆ టెక్స్ట్ ఫైలులోని నాలుగు ముక్కలు లేకపోతే మీరు దాచినవి అర్థం లేని అంకెలే. ఈ పని మీ ల్యాబ్‌లో ఈ సెమిస్టరులోనే మొదలుపెట్టండి. యంత్రాలను మన చేతులతో చేయగలమని నిరూపించిన రావు గారికి మనం ఇవ్వగల నివాళి ఇదేనని నా నమ్మకం.