నీటిలో వెలసిన నగరము



నే డొక సరస్సును గూర్చియు, దాని నడుమ వెలసి రెండువందల యేండ్లు మాత్రము బ్రదికిన యొక మహానగరమును గూర్చియు మీతో ముచ్చటింప దలచితిని. ఆ నగరము అమెరికా ఖండమున, మెక్సికో దేశమున నుండెను. దాని పేరు తెనోచ్‌తిత్లాన్. నోరు తిరుగుట కష్టమే. ఏండ్ల తరబడి బడిలో చరిత్ర చెప్పిన నాకును మొదట తిరుగలేదు. రెండు మాఱులు పలికినచో అలవడును.

సముద్రమట్టమునకు ఏడువేల అడుగుల పైయెత్తున, కొండల నడుమ, మెక్సికో లోయ యున్నది. అందు కురిసిన నీరు బయటికి బోవు దారి లేక నిలిచి, తెక్స్‌కోకో మొదలగు అయిదు సరస్సు లయ్యెను. ఒడ్డున గల మంచి నేలలన్నియు అదివఱకే పలుజాతులవారి వశమై యుండెను. అట్టి తఱి ఉత్తరమునుండి మెషీకులను జాతివారు వచ్చిరి. మనము పుస్తకములలో ఆజ్టెకులని చదువునది వీరినే. వీరి నెవరును చేరనీయలేదు. నాగజెముడుపై వ్రాలిన గ్రద్ద యెచట కనబడునో యచట నిలువుడని వారి కులదైవ మానతిచ్చెననియు, ఆ గుఱుతు సరస్సు నడుమ బురదదిబ్బపై కనబడెననియు వారి పురాణము. ఆ గ్రద్ద నేటికిని మెక్సికో దేశపు జెండాపై నున్నది. (మన పొలముల గట్లపై పెరుగు నాగజెముడును ఆ ఖండమునుండి వచ్చినదే.) ఇది క్రీ. శ. 1325 ప్రాంతపు మాట.

ఎవరికిని అక్కఱలేని చోటు గనుకనే అది వారికి దక్కిన దని నా యూహ. అచట రాయి లేదు, కలప లేదు. చేపలను, కప్పలను, నీటిపక్షులను పట్టి ఒడ్డువారి కమ్మి, బదులు రాతిని కలపను తెచ్చుకొనిరి. సాగునకు నేల లేదు గనుక నేలనే చేసికొనిరి. ఈ విద్య వారికి ముందే ఆ లోయలో నుండెను. వీరు దానిని మిక్కిలి విస్తరింపజేసిరి. దీనిని చినాంపా యందురు. లోతు తక్కువగల చోట మేకులు పాతి, తడికలు కట్టి, లోపల నీటినాచును, అడుగు బురదను పొరలు పొరలుగా నింపి, మడిని నీటిపైకి లేపుదురు. అంచుల వెంట నీటి యొడ్డున పెరుగుజాతి చెట్లు నాటుదురు. వాని వేళ్లు మన్నును పట్టి నిలుపును. మడికిని మడికిని నడుమ పడవ పోవునంత కాలువ. ఏటేట ఆ కాలువలోని పూడిక తీసి మడిపై వేయుదురు. పట్టణపు మలమును సైతము పడవలపై తెచ్చి యెరువుగా వాడిరి. నారు పోసి నాటుటచే ఒక పంట లేచుసరికి మఱియొకటి సిద్ధము. ఇట్లు ఏట రెండు మూడు పంటలు తీసిరి. వీనిని తేలుచుండెడి తోటలని కొందఱు వ్రాసిరి గాని అది పొరపాటు. అవి తేలవు, అడుగున నేలకు నాటుకొని యుండును. చెఱువు పూడికమట్టి విలువ మీకు నేను చెప్పవలసిన పని లేదు గదా!

అందు పండినవి మొక్కజొన్న, చిక్కుడుజాతి గింజలు, గుమ్మడి, టొమాటో, మిరప. టొమాటో యను మాట వారి భాషలోని తొమాత్ల్ శబ్దమునుండి పుట్టినదే. మన మిరపకాయయు ఆ దేశపు పంటయే. పోర్చుగీసువారి నావలలో మన తీరమునకు వచ్చినది. అంతకు ముందటి మన పెద్దలు కారమునకు మిరియములనే నమ్ముకొని యుండిరి.

ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, ఇనుప పనిముట్టు లేదు, బండి లేదు. సర్వమును మనిషి వీపుపై, లేదా పడవపై. అయినను నగరము నాలుగు వీటలై పెరిగెను. ఒడ్డునుండి లోపలికి వెడల్పైన రాచబాటలు కట్టిరి; శత్రువు వచ్చినచో తీసివేయుటకు నడుమ నడుమ కఱ్ఱవంతెన లుంచిరి. చపూల్తెపెక్ కొండ యూటనుండి మంచినీరు తెచ్చుటకు జంట కాలువ కట్టిరి. ఒకటి శుభ్రపఱచునపుడు రెండవదానిలో నీరు పాఱును. తుదకు జనసంఖ్య రెండు లక్షల వఱకు నుండెనని పలువురు పండితుల లెక్క. పొరుగున గల త్లతెలోల్కో సంతలో దినమునకు అఱువదివేల మంది క్రయవిక్రయములు చేయుచుండిరని దానిని స్వయముగా చూచిన కోర్తెసు వ్రాసెను. తగవులు తీర్చుటకు అచటనే న్యాయాధిపతులు కూర్చుండువారు.

ఇక రాజ్యము మాట. మొదట వారు అస్కపొత్సాల్కో రాజునకు కప్పము గట్టినవారే. 1428లో ఇత్స్‌కోవత్ల్ అను రాజు, తెక్స్‌కోకో, త్లకోపాన్ నగరములతో చేయి గలిపి ఆ యధికారమును కూల్చెను. నాటినుండి కప్పము కట్టినవారే కప్పము పుచ్చుకొనువారైరి. ఈ మువ్వురిలో తెక్స్‌కోకో రాజగు నెసవాల్‌కోయోత్ల్ కవి; నీటి పని యెఱిగినవాడు. తెక్స్‌కోకో నీరు ఉప్పన, దక్షిణపు సరస్సుల నీరు తియ్యన. రెంటిని వేఱుచేయుటకు పదిమైళ్ల కట్ట ఆయన పూనికపై వెలసెను.

అందఱును అట్టివారు గారు. ఆవిత్సోత్ల్ అను రాజు నగరమునకు నీరు చాలదని కోయోవాకాన్ ఊటలను మళ్లింప దలచెను. అచటి దొర, ఆ ఊటలు ఒక్కొక్కప్పుడు విపరీతముగా పొంగుననియు, నగరమునకు ముప్పనియు విన్నవించెను. రాజు విననందున వచ్చిన చిక్కు కాదు, చెప్పినవానిని చంపించెను. పూజలతో కాలువ తెఱచిరి. కొలదిదినములకే నీరు పొంగి ఇండ్లలోనికి వచ్చెను, మడులు మునిగెను. తుదకు తెక్స్‌కోకో రాజు సలహాపై ఊటలను మూయించిరి. ఇది వారి చరిత్రకారులు చెప్పిన కథయే.

నగరమధ్యమున మెట్లమెట్లుగా లేచిన మహాలయము. పైన రెండు గుడులు: ఒకటి యుద్ధదైవమునకు, ఒకటి వానదేవునకు. అచట నరబలు లిచ్చుచుండిరి. యుద్ధములో పట్టువడినవారే యెక్కువగా బలియైరి. శత్రువులు అతిశయోక్తులు వ్రాసిరనుట నిజమే. కాని త్రవ్వకములలో పుఱ్ఱెల గోడ బయల్పడినది గనుక లేదనుటకు వీలులేదు.

1519లో స్పెయిను దేశీయుడు కోర్తెసు ఇంచుమించు అయిదువందల సైనికులతో, 16 గుఱ్ఱములతో తీరమున దిగెను. అప్పటికి విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు రాజ్యము చేయుచుండెను. ఈ పాఠము చెప్పుచుండగా ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, "అయ్యవారూ, అయిదువందల మంది రెండులక్షల మంది నెట్లు గెలిచిరండీ?" అని యడిగెను. తుపాకులును గుఱ్ఱములును గలవు గదా యని చెప్పి కూర్చుండబెట్టితిని. పుస్తకమున నున్న దదియే. ఆ సమాధానము తప్పు. అనంతరము చదివి తెలిసికొంటిని గాని ఆ పిల్లవాడు బడి విడిచిపోయెను.

త్లష్‌కాలా యను రాజ్యము ఆజ్టెకులకు లొంగలేదు. దానిని చుట్టుముట్టి వర్తకము నాపిరి. అచటివారు ఏండ్ల తరబడి ఉప్పు లేక చప్పిడి తిండి తినిరి. కోర్తెసునకు చేయందించినది వారే. కప్పము మోసి విసిగిన ఇతరులును కూడిరి. తెనోచ్‌తిత్లాన్‌ను ముట్టడించిన సైన్యములో స్పెయినువారు వేయికి లోపు. ఆ దేశపువారు పదులవేలు.

1519 నవంబరు 8న మోక్తెసూమా చక్రవర్తి బాటపై ఎదురేగి కోర్తెసును అతిథిగా తీసికొనిపోయెను. అతిథి ఆతిథేయుని బందీ చేసెను. మఱుసటి మే నెలలో, పండుగనాడు ఆయుధములు లేక నాట్యమాడుచున్నవారిని స్పెయినువారు నఱికిరి. నగరము తిరుగబడెను. మోక్తెసూమా మరణించెను, ఎవరిచేత నను వివాదము నేటికిని తీరలేదు. జూను 30 రాత్రి స్పెయినువారు అనేకులను పోగొట్టుకొని పాఱిపోయిరి.

వారు పోయినను వారితో వచ్చిన మశూచి పోలేదు. మన పల్లెలలో ఒకప్పుడు అమ్మవారని వెఱచుచుండిన ఆ వ్యాధిని ఆ ఖండమువారు అంతకుముందు ఎఱుగరు. ఇంటింటను పడిరి, నీరిచ్చువారు లేక చచ్చినవారు పెక్కురు. క్రొత్త చక్రవర్తి క్విత్లావాక్ నెలలు తిరుగకుండ దానికే బలియయ్యెను. పిమ్మట యువకుడు క్వావ్‌తెమోక్ గద్దె నెక్కెను.

1521లో కోర్తెసు 13 నావలతో మరల వచ్చెను. మొదట చేసిన పని మంచినీటి కాలువను కోయుట. ఇంచుమించు ఎనుబది దినములు నగరము నిలిచెను. లోపలివారు తొండలను, తోలును, నాచును తినిరి, ఉప్పునీరు త్రాగిరి. ఇల్లిల్లు కూల్చి, ఆ రాళ్లతోనే కాలువలు పూడ్చుచు శత్రువు ముందుకు వచ్చెను. ఆగస్టు 13న క్వావ్‌తెమోక్ పట్టువడెను. నాలుగేండ్లకు అతనిని ఉరిదీసిరి. త్లష్‌కాలావారికి కొన్ని ప్రత్యేకపు హక్కులు దక్కినవి గాని వారును క్రొత్త ప్రభువునకు లోబడినవారే యైరి.

మహాలయపు రాళ్లతో క్రొత్త నగరము కట్టిరి. అదియే నేటి మెక్సికో పట్టణము. నీటి నడవడి యెఱుగనివారు గనుక క్రొత్తవారు వరదలపాలైరి. 1629లో వచ్చిన నీరు అయిదేండ్లు తీయలేదు. సరస్సునే ఎండగట్ట బూనిరి. ఎండిన బురదపై, అడుగు నీటిని తోడుకొనుచు నిలిచిన ఆ పట్టణము కొన్నిచోట్ల ఏటికి అడుగున్నర వఱకు క్రుంగుచున్నది. 1978లో విద్యుత్తు పనివారు గుంట త్రవ్వుచుండగా మహాలయపు పెద్ద శిల్పశిల యొకటి బయల్పడెను. నాటినుండి త్రవ్వకములు జరుగుచున్నవి.

పట్టణమునకు దక్షిణమున సోచిమిల్కో యను చోట కొన్ని చినాంపాలు మిగిలియున్నవి. అచటి రైతులు నేటికిని కాలువ యడుగు బురదను ఎత్తి మడిపై పఱచి, ఆఱిన పిదప చిన్నచిన్న పలకలుగా కోసి, ఒక్కొక్క పలకలో ఒక్కొక్క విత్తు నాటుచున్నారు.